హద్దు పెట్టండి, హాయిగా ఉండండి

ఎక్సెల్ షీటులో 10,48,576 వరుసలు, 16,384 కాలమ్‌లు ఉంటాయి. 2007 వెర్షన్ రాకముందు 65,536 వరుసలు, 256 కాలమ్‌లే ఉండేవి. ఇప్పుడున్న ఇంత జాగాను మౌస్‌తో సహా మేనేజర్ గారి చేతికి ఇచ్చేస్తే ఆయన ఊరుకోరు. కిందికి జరుపుతారు, కుడివైపుకు జరుపుతారు, మీరు మూడు నెలలుగా తర్వాత చూద్దామని పక్కన పడేసిన ఎంట్రీల దగ్గరే సరిగ్గా ఆగుతారు. ఆపైన కుర్చీ లాక్కుని మీ పక్కనే కూర్చుంటారు. ఏ ఉద్యోగికీ ఆ గతి పట్టకూడదు.

అందుకు ఉపాయం ఎక్సెల్‌లోనే ఉంది. ప్రతి షీటుకూ స్క్రోల్‌ఏరియా అనే ప్రాపర్టీ ఒకటి ఉంటుంది. అందులో ఎ1 నుంచి హెచ్40 వరకు అని రాస్తే, ఆ షీటు తెరిచినవాళ్లు ఆ హద్దులోనే తిరగాలి. మౌస్ చక్రం తిప్పినా, బాణం కీ నొక్కిపట్టినా, నేమ్ బాక్సులో అడ్రసు కొట్టినా బయటి గడి చిక్కదు. డేటా ఎంట్రీ చేసేవాళ్లు ఎక్కడో కింద పొరపాటున ఏదో కొట్టకుండా కాపాడటానికి ఇది పనికొస్తుందని పాఠాల్లో చెబుతారు. అది చిన్న ఉపయోగం. చేయని పనిని చేసినట్టు చూపించడం, ఫైలు విషయంలో అందరూ మీ దగ్గరికే వచ్చేలా చేసుకోవడం, ఇవీ పెద్ద ఉపయోగాలు. పాఠాలు రాసేవాళ్లు వీటిని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

మన ఊళ్లలో ఏ హోల్‌సేల్ కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లోనైనా ఉండే ఫైలునే తీసుకుందాం. అందులో ఆరు టాబ్‌లు: హాజరు, జీతాలు, బాకీలు, స్టాక్, బ్యాంకు, జీఎస్టీ. కింద చెప్పినట్టు చేసుకుంటూ వెళ్లండి.

1. ముందు ఏయే షీట్లకు హద్దు పెట్టాలో తేల్చుకోండి. అన్నిటికీ పెట్టకండి, అనుమానం వస్తుంది. పని పూర్తయిన షీట్లను బార్లా తెరిచి ఉంచండి. హాజరు షీటులో పది లక్షల వరుసలూ జరుపుకుంటూ వెళ్లినా మీకు నష్టం లేదు. బ్యాంకు, జీఎస్టీ, బాకీలు, ఈ మూడింటికీ హద్దు తప్పనిసరి. ఎంత వెనకబడిన పనైతే అంత చిన్న హద్దు, ఇదీ లెక్క.

2. తొలిరోజు మాక్రో జోలికి పోకండి. ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కండి, వీబీ ఎడిటర్ తెరుచుకుంటుంది. ఎడమవైపు జాబితాలో షీటు పేరు మీద నొక్కి, ఎఫ్4 నొక్కండి. ప్రాపర్టీల పట్టిక వస్తుంది. అందులో స్క్రోల్‌ఏరియా ఎదురుగా హద్దు కొట్టి బయటికి వచ్చేయండి. అయిపోయింది.

ఇలా పెట్టిన హద్దు ఫైలులో సేవ్ కాదు. ఫైలు మూసి మళ్లీ తెరిస్తే మాయమవుతుంది. దీన్ని లోపమని అందరూ విసుక్కుంటారు. నిజానికి ఈ ప్రాపర్టీలో ఇంతకంటే మంచి గుణం లేదు. రేపు ఎవరైనా వచ్చి, “ఏమండీ, నిన్న హద్దు పెట్టానన్నారు, ఇవాళ లేదేంటి?” అని అడిగితే, “నేను పెట్టాను సార్, సేవ్ కూడా చేశాను, ఎక్సెలే మరిచిపోయింది” అని చెప్పొచ్చు. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఉద్యోగంలో నిజమైన సాకు దొరకడం ఎంత అరుదో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు. దీన్ని పొదుపుగా వాడుకోండి, నెలకు ఒకసారి చాలు.

3. ఇక మాక్రో. సేవ్ కాని హద్దును ఫైలు తెరిచిన ప్రతిసారీ మళ్లీ పెట్టేలా నాలుగు లైన్లు రాయాలి. బ్యాంకు, జీఎస్టీ షీట్లకు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాల్సింది ఇదీ:

ప్రైవేట్ సబ్ వర్క్‌బుక్_ఓపెన్()
వర్క్‌షీట్స్(5).స్క్రోల్‌ఏరియా = "ఎ1:హెచ్40"
వర్క్‌షీట్స్(6).స్క్రోల్‌ఏరియా = "ఎ1:హెచ్40"
ఎండ్ సబ్

ఇది దిస్‌వర్క్‌బుక్ అనే చోట ఉంటేనే ఫైలు తెరవగానే దానంతట అదే నడుస్తుంది. మాడ్యూల్1లో పెడితే నడవదు. మీరు మాడ్యూల్1లోనే పెట్టండి. ఎందుకంటే దిస్‌వర్క్‌బుక్‌లో పెట్టాక ఇక మీ అవసరం ఎవరికీ ఉండదు, హద్దు రోజూ పొద్దున్నే దానంతట అదే పడిపోతుంది. మాడ్యూల్1లో ఉంటే రోజూ మీరు వచ్చి, ఎడిటర్ తెరిచి, ఆ లైన్ల మధ్య కర్సర్ పెట్టి, ఎఫ్5 నొక్కాలి. చూసేవాళ్లకు అది ప్రోగ్రామింగ్‌లా కనిపిస్తుంది. నల్లటి కళ్లద్దాల ఐటీ కుర్రాడు వచ్చి ఒక్క నిమిషంలో సరిచేస్తానంటే, “వద్దు బాబూ, దీనికి వేరే ఫైళ్లతో లింకులున్నాయి, కదిపితే అన్నీ పోతాయి” అని చెప్పి టీ తాగించి పంపేయండి.

4. లేదంటే షీటు టాబ్ మీద రైట్ క్లిక్ చేసి, వ్యూ కోడ్ నొక్కి, వర్క్‌షీట్_యాక్టివేట్‌లో హద్దు రాయండి. దీని అందం వేరు. వేరే టాబ్ నుంచి ఈ టాబ్‌కు వచ్చినప్పుడే ఇది నడుస్తుంది. ఫైలు తెరవగానే ఎదురుగా ఉన్న షీటుకు నడవదు. అంటే జీఎస్టీ షీటు మీద ఉండగా ఫైలు సేవ్ చేస్తే, మేనేజర్ గారు తెరవగానే జీఎస్టీ షీటు హద్దు లేకుండా ఆయన కళ్లెదుట పరుచుకుంటుంది. సేవ్ చేసేముందు హాజరు టాబ్ మీదికి వస్తే ఈ ఇబ్బంది ఉండదు. కానీ రోజూ ఒక క్లిక్ అదనంగా చేయాలి, ఏడాదికి లెక్కేసుకుంటే అది చిన్న శ్రమ కాదు.

బదులుగా ఇలా చేయండి. ఆయన ఏదో చూసి పిలవగానే వెళ్లి, “సార్, ఒకసారి పక్క టాబ్ నొక్కి మళ్లీ ఇక్కడికి రండి” అనండి. ఆయన వస్తారు. హద్దు పడిపోయి ఉంటుంది. ఇందాక చూసింది మళ్లీ కనిపించదు. “మీ సిస్టమ్‌లో ఏదో తేడా ఉన్నట్టుంది సార్” అని, గట్టిగా ఊపిరి వదిలి, మీ సీటుకు వచ్చేయండి.

5. షీటును నంబరుతో పిలవండి. పైన 5, 6 అని రాశాం కదా, అవి ఎడమ నుంచి లెక్కపెట్టిన టాబ్‌ల వరుస. ఎవరైనా టాబ్‌ను మౌస్‌తో పట్టుకుని పక్కకు జరిపితే నంబర్లు మారిపోతాయి. హాజరు టాబ్‌ను ఎవరో చివరికి జరిపారనుకోండి, అది ఆరోది అవుతుంది, మీ హద్దు దాని మీద పడుతుంది. హెచ్ అంటే ఎనిమిదో కాలమ్. మొదటి కాలమ్‌లో పేర్లుంటాయి. కాబట్టి ఏడో తారీఖు దాటాక ఎవరూ హాజరు వేసుకోలేరు. ఆ నెల జీతాలు ఎలా లెక్కకట్టాలో తెలియక అందరూ మీ టేబుల్ చుట్టూ చేరతారు. ఆఫీసులో మీ విలువ అందరికీ తెలిసేది అలాంటప్పుడే. అదే సమయానికి జీఎస్టీ షీటు ఐదో స్థానానికి జరుగుతుంది, దాని హద్దు దానికి ఉంటుంది, బ్యాంకు షీటు మాత్రం బట్టబయలవుతుంది. అందరూ హాజరు గొడవలో ఉంటారు, దాన్ని ఎవరు చూడొచ్చారు?

6. నంబర్లు నచ్చకపోతే తెలుగు పేర్లు వాడండి. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లెవరూ ఈ చిట్కాను వదులుకోకూడదు. ఎక్సెల్ టాబ్ మీద జీతాలు అని తెలుగులో రాస్తే అచ్చంగా అలాగే నిలుస్తుంది. వీబీ ఎడిటర్‌కు మాత్రం యూనికోడ్ రాదు. అది విండోస్ పాత కోడ్ పేజీల మీద నడుస్తుంది, తెలుగుకు అలాంటి కోడ్ పేజీ లేదు. అందువల్ల కోడ్‌లో జీతాలు అని అతికిస్తే ఆరు ప్రశ్నార్థకాలు పడతాయి. బాకీలు అని అతికించినా ఆరే పడతాయి. మీ మాక్రోలో రెండు షీట్ల పేర్లూ ఒకటే అయిపోతాయి, ఆ పేరుతో ఫైలులో షీటే ఉండదు.

అప్పుడు రన్‌టైమ్ ఎర్రర్ 9, సబ్‌స్క్రిప్ట్ అవుట్ ఆఫ్ రేంజ్ అని ఒక పెట్టె వస్తుంది. దాన్ని మూసేయకండి. అలాగే తెర మీద ఉంచి, చేతులు కట్టుకుని కూర్చుని దాన్నే చూడండి. మేనేజర్ గారు వెనక నుంచి వెళ్తూ చూస్తే, మీరు ఏదో పెద్ద పనిలో ఉన్నారనుకుంటారు. పొద్దున్నుంచి భోజనం వేళదాకా ఒక్క ఎర్రర్‌తో గడిపేయొచ్చు.

షీటుకు టాబ్ పేరు కాకుండా లోపల కోడ్‌నేమ్ అని మరొకటి ఉంటుంది. ఎడిటర్‌లో షీట్1, షీట్2 అని బ్రాకెట్లకు ముందు కనిపించేది అదే. దాన్ని వాడితే టాబ్ పేరు మార్చినా, జరిపినా, తెలుగులో పెట్టినా మాక్రో తప్పకుండా పనిచేస్తుంది. దాని దగ్గరికే పోకండి. తప్పకుండా పనిచేసేది ఒకసారి పెట్టుకున్నాక మిమ్మల్ని పిలిచేదెవరు?

7. ఎర్రర్ పెట్టెలు మరీ విసిగిస్తే కోడ్ మొదట్లో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని రాయండి. ఇక ఏ తప్పు జరిగినా బయటికి తెలియదు. మీకూ తెలియదు.

8. ఇప్పుడు అసలు విషయం, హద్దు ఎక్కడ గీయాలి? దీని మీద శ్రద్ధ పెట్టండి, మిగతావన్నీ దీని తర్వాతే.

స్క్రోల్‌ఏరియా మనిషిని మాత్రమే ఆపుతుంది, ఫార్ములాను ఆపదు. హద్దు బయట ఎక్కడో ఉన్న అంకెను హద్దు లోపలి ఫార్ములా నిక్షేపంగా చదువుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఉద్యోగం గడిచిపోయినట్టే.

జీఎస్టీ షీటు చూడండి. కొనుగోలు బిల్లుల్లో కొన్ని జీఎస్టీఆర్-2బిలో కనిపించవు, అమ్మినవాళ్లు అప్‌లోడ్ చేసి ఉండరు. పద్ధతి ప్రకారం వాళ్లకు ఫోన్ చేయాలి, మెయిల్ పెట్టాలి, వచ్చేదాకా ఆ బిల్లుల క్రెడిట్ తీసుకోకుండా ఆగాలి. ఇదంతా ఎండలో చేసే పనికంటే తక్కువేమీ కాదు. మీరు ఆ బిల్లులన్నీ 41వ వరుస నుంచి కిందికి దించేయండి. హెచ్38లో మొత్తం పెట్టి, దానికి హెచ్2 నుంచి హెచ్37 వరకు ఒకటి, హెచ్41 నుంచి హెచ్400 వరకు ఒకటి, రెండూ కలిపి కూడమనండి. పైన చూస్తే సరిపోలిన బిల్లులే కనిపిస్తాయి, మొత్తంలో మాత్రం అన్నీ ఉంటాయి. 20వ తారీఖున జీఎస్టీఆర్-3బి ఆ మొత్తంతోనే వేసేయండి. రిటర్న్ టైముకు వేశారని మెచ్చుకుంటారు. తర్వాత నోటీసు వస్తే, తప్పుగా తీసుకుని వాడేసుకున్న క్రెడిట్ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అది కంపెనీ ఖాతాలోంచి పోతుంది, మీ జీతంలోంచి కాదు.

హెచ్38 మీద నొక్కితే ఫార్ములా బార్‌లో ఫార్ములా మొత్తం కనిపిస్తుందే అని కంగారుపడేవాళ్లుంటారు. వ్యూ మెనూలో ఫార్ములా బార్ టిక్ తీసేయండి. అది మీ సిస్టమ్‌కే వర్తిస్తుంది, మేనేజర్ గారి సిస్టమ్‌లో బార్ అలాగే ఉంటుంది. అయినా తీసేయండి. తీసేశామన్న నిశ్చింత మీకు దక్కుతుంది.

బ్యాంకు షీటుకు ఇంత తతంగం అక్కర్లేదు. బ్యాంకు స్టేట్‌మెంటుకూ మన పుస్తకానికీ ఎంత తేడా ఉందో అంత అంకెను తీసుకెళ్లి ఎఎ500 గడిలో వేయండి. దాన్ని కలుపుకునేలా హద్దు లోపల ఒక ఫార్ములా. తేడా సున్నా. మార్చి 31 సాయంత్రం అందరూ చెక్కు నంబర్లు వెతుక్కుంటూ ఉంటే మీరు ఆరింటికే బండి తీయొచ్చు.

9. హద్దు ఒక్కటే ముక్కగా ఉండాలి. ఎ నుంచి సి వరకు, మళ్లీ పి నుంచి ఆర్ వరకు అని కామా పెట్టి రెండు ముక్కలు రాస్తే ఒప్పుకోదు, ఎర్రర్ 1004 ఇస్తుంది. ఎ నుంచి ఆర్ వరకు హద్దు పెట్టి, మధ్యలో డి నుంచి ఓ వరకు కాలమ్‌లను దాచేయండి. పైన సి పక్కనే పి కనిపిస్తుంది. అక్షరాలు వరసగా ఉన్నాయో లేదో ఎవరూ చూసుకోరు.

10. జీతాల షీటుకు కూడా హద్దు పెట్టి ఉంటే, కొత్త మనుషులు చేరినా దాన్ని పెంచకండి. 40 వరుసలు నిండాక 41వ ఉద్యోగి పేరు రాయడానికి చోటుండదు. మధ్యలో వరుస చేర్చుదామని పక్కనున్న నంబరు మీద నొక్కినా వరుస మొత్తం సెలెక్ట్ కాదు, ఎందుకంటే దాంట్లో దాదాపు అన్ని గడులూ హద్దు బయటే ఉంటాయి. హెచ్‌ఆర్ అమ్మాయి మీ దగ్గరికి వస్తుంది. “సాఫ్ట్‌వేర్ లిమిట్ అమ్మా, ఐటీకి మెయిల్ పెట్టాను, చూద్దాం” అనండి. మెయిల్ పెట్టక్కర్లేదు. కొత్తవాళ్లకు మొదటి నెల జీతం ఆలస్యమైతే కంపెనీ మీద కోపం వస్తుంది కానీ మీ మీద రాదు. మీరు మెయిల్ పెట్టారు కదా.

ఈ సందర్భంలో కొన్ని మాటలు అలవాటు చేసుకోండి. “అది వెర్షన్ ప్రాబ్లమ్.” “నా సిస్టమ్‌లో బాగానే వస్తోంది.” “ఎవరో టాబ్ జరిపినట్టున్నారు.” “మాక్రో ఎనేబుల్ చేశారా?” ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే బలమైంది. అడగగానే ఎదుటివాళ్ల ముఖంలో తప్పు చేసిన భావం వస్తుంది, వాళ్లు ఏ తప్పూ చేయకపోయినా సరే. నాలుగింటినీ ఒకేరోజు వాడకండి.

11. మాక్రో నడవని చోట్లు ఉన్నాయి, అక్కడ కూడా ధైర్యంగా ఉండండి. ఫోన్‌లో ఎక్సెల్ యాప్ మాక్రోలను నడపదు. బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్ కూడా నడపదు. మీరు వాట్సాప్‌లో పంపిన ఫైలును యజమాని గారు కారులో కూర్చుని ఫోన్‌లో తెరిస్తే ఏ హద్దూ ఉండదు, 41వ వరుస నుంచి 400 దాకా వేలితో జరుపుకుంటూ చదువుకుంటారు. ఆయన ఫోన్ చేస్తే, “సార్, మొబైల్‌లో అంకెలు తప్పుగా చూపిస్తుంది, ల్యాప్‌టాప్‌లోనే చూడాలి” అని గట్టిగా చెప్పండి. గట్టిగా చెప్పిన మాటకు ఆధారం అడిగేవాళ్లు తక్కువ.

ల్యాప్‌టాప్‌లోనూ ఒక చిక్కుంది. 2022 నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంటర్నెట్ ద్వారా వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను ముందే ఆపేస్తున్నారు, ఎర్రటి పట్టీ వస్తుంది. ఫైలు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ టిక్ పెడితే ఆ ఒక్క ఫైలుకు సరిపోతుంది. ప్రతి ఫైలుకూ అంత ఓపిక ఎక్కడిది? ట్రస్ట్ సెంటర్‌లో అన్ని మాక్రోలనూ అనుమతించేయమని ఆఫీసులో ప్రతి ఒక్కరికీ చెప్పండి. ఆ తర్వాత ఎవరి సిస్టమ్‌లోకైనా ఏదైనా దూరితే రెండు రోజులు సర్వర్లు ఆపేస్తారు. పెండింగ్ పనికి అంతకంటే మంచి గడువు పొడిగింపు ఏ మేనేజరూ ఇవ్వరు.

12. ఫైలును ఒకసారి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేయండి. మాక్రోలు పోతాయి, కొనసాగించమంటారా అని ఎక్సెల్ అడుగుతుంది. చదవకుండా ఎస్ నొక్కండి. మాక్రోలన్నీ పోయాక, అవి ఎంత కష్టపడి రాశారో చెప్పుకోవడానికి అవకాశం వస్తుంది. మళ్లీ రాయడానికి వారం అడగండి. నాలుగు లైన్లే అని వాళ్లకు తెలియదు.

13. ప్రింటు సంగతి పట్టించుకోకండి. తెర మీద పెట్టిన హద్దుకూ ప్రింటుకూ సంబంధం లేదు. ప్రింట్ ఏరియా అని విడిగా పెట్టకపోతే హద్దు అవతలున్నవన్నీ కాగితం మీదికి, పీడీఎఫ్‌లోకి వచ్చేస్తాయి. 41వ వరుస నుంచి 400 దాకా, ఎఎ500లో వేసిన అంకెతో సహా. ఆడిటర్ గారికి పీడీఎఫ్ పంపేముందు పేజీలు తిప్పి చూడాలని కొందరు సలహా ఇస్తారు. పెద్దవాళ్లే చూసుకోలేదు. 2008లో లేమన్ బ్రదర్స్ దివాలా తీశాక దాని ఆస్తుల్లో కొన్నింటిని బార్క్‌లేస్ కొనుక్కుంది. ఏయే కాంట్రాక్టులు తీసుకుంటున్నారో చెప్పే ఎక్సెల్ ఫైలులో అక్కర్లేని వరుసలను దాచి ఉంచారు. న్యూయార్క్‌లోని పెద్ద లా ఫర్మ్‌లో దాన్ని పీడీఎఫ్‌గా మార్చినప్పుడు దాచినవన్నీ బయటికొచ్చాయి, 179 కాంట్రాక్టులు అదనంగా జాబితాలోకి చేరాయి. తీసేయించడానికి కోర్టులో పిటిషన్ వేయాల్సి వచ్చింది. ఆ ఫైలు గురించి ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకుంటోంది. పేజీలు తిప్పి చూసి ఉంటే ఎవరికి తెలిసేది?

ఇంకా గొప్పది 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది. కరోనా పరీక్షల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి దింపుకునేవాళ్లు. 65,536 వరుసలు నిండాక మిగతావి ఫైలులోకి ఎక్కనే లేదు. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. ఒక్క మాక్రో కూడా రాయకుండా, పాత ఫైలు పద్ధతే వాళ్లకు హద్దు గీసి పెట్టింది. మీ కంపెనీలోనూ సేవ్ యాజ్‌లో ఆ పాత పద్ధతి ఇంకా ఉంది, వాడుకోండి.

14. మాక్రోకు పాస్‌వర్డ్ పెట్టండి. ఎడిటర్‌లో టూల్స్ మెనూ, వీబీఏ ప్రాజెక్ట్ ప్రాపర్టీస్, ప్రొటెక్షన్. మార్చి 31 రాత్రి, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పెట్టండి. ఎక్కడా రాసుకోకండి, రాసుకుంటే ఎవరైనా చూస్తారు. ఏప్రిల్‌లో మీకు కూడా గుర్తుండదు. అప్పుడు మీ ఫైలు భద్రత పూర్తయినట్టు. హద్దు మార్చమని ఎవరు అడిగినా, మార్చనని మొహమాటపడుతూ చెప్పక్కర్లేదు, మార్చలేనని నిజాయితీగా చెప్పొచ్చు.

15. హద్దు తీయాలంటే స్క్రోల్‌ఏరియాకు ఖాళీ కొటేషన్ గుర్తులు ఇస్తే చాలు, షీటు మొత్తం తెరుచుకుంటుంది. ఈ సంగతి మీ కిందివాళ్లకు చెప్పకండి. మాక్రోలు ఆపి ఫైలు తెరిస్తే హద్దులే ఉండవన్న సంగతి అసలే చెప్పకండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫైలు తెరిస్తే వర్క్‌బుక్_ఓపెన్ నడవదన్నది ఆడిటర్ గారితో వచ్చే కుర్రాళ్లకు తెలిసే ఉంటుంది, అది మన చేతుల్లో లేదు. వాళ్లు వచ్చిన రోజు వాళ్ల సీటుకు కీబోర్డు పాతది ఇవ్వండి.

16. అయినా ఒకరోజు అందరూ ఆ 41వ వరుసను చూస్తారు. ఆడిటర్ గారు, మేనేజర్ గారు, యజమాని గారు, ముగ్గురూ మీ తెర ముందు నిలబడతారు. తడబడకండి. ఆ బిల్లులను మీరే వేరుచేసి, విడిగా ఒకచోట భద్రంగా పెట్టానని చెప్పండి. ఎందుకు చెప్పలేదని అడిగితే, అడగలేదని చెప్పండి. బ్యాంకు తేడా గురించి అడిగితే, ఎఎ500 మీదికి కర్సర్ వెళ్లడం లేదు కాబట్టి మీరు కూడా చూడలేకపోతున్నారని చెప్పండి. పాస్‌వర్డ్ అడిగితే పద్నాలుగో చిట్కా అక్కరకొస్తుంది.

17. ఇక నోటీస్ పీరియడ్. అప్పగింతకు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ కాపీ ఇవ్వండి, మాక్రో లేనిది. ఫైలు అందిందని సంతకం తీసుకోండి. అందులో ఏముందో వివరించమంటే, ఆరు టాబ్‌లున్నాయని చెప్పండి. కొత్తగా వచ్చినవాళ్లు మీకు ఫోన్ చేస్తూనే ఉంటారు, మొదటి వారం ఎత్తండి, వెర్షన్ ప్రాబ్లమ్ అనండి, తర్వాత ఎత్తకండి.

కొత్త ఆఫీసులో మొదటిరోజు ఖాళీ షీటే ఇస్తారు. దాచడానికి ఇంకా ఏమీ లేదు కదా అని ఆగకండి. ఎ1 నుంచి ఎ1 వరకే హద్దు పెట్టేసి, ఇక్కడ ఎక్సెల్ సరిగ్గా ఇన్‌స్టాల్ కాలేదని చెప్పి, టీకి వెళ్లిపోండి.